మా గ్యారేజీలో 1972 షెవర్లే నోవా: 26 నెలల పని, పూర్తి లెక్క

కారు మా ఇంటికి వచ్చిన రోజు డిక్కీలో నీళ్లు నిలిచి ఉన్నాయి. స్పేర్ టైరు కింద రేకు వేలితో నొక్కితే లోపలికి పోయింది. అయినా ఈ కారే కొన్నాను, ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కారు 1972 షెవర్లే నోవా, రెండు తలుపుల కూపే, 350 వీ8 ఇంజను (ఎనిమిది సిలిండర్లు, 350 క్యూబిక్ అంగుళాలు), ఆటోమేటిక్ గేరు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కు గంట దూరంలో, ఒక రైతు షెడ్డులో పదకొండేళ్లు కదలకుండా ఉంది. ధర 5,200 డాలర్లు. కారుతో కలిపి 12,000 డాలర్లలో ముగించాలని, పనిముట్లను విడిగా లెక్క వేయాలని ముందే రాసి పెట్టుకున్నాను. చివరికి 13,330 అయింది. ఉద్యోగం మానలేదు, పనంతా సాయంత్రాలు, శని ఆదివారాల్లోనే. మొత్తం 26 నెలలు.

పని మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకున్నాను. ఒకసారి ఒక్క భాగాన్నే విప్పాలి. అది పూర్తిగా బిగించి, కారు తన చక్రాల మీద తాను బయటికి వెళ్లి వచ్చాకే ఇంకోటి ముట్టుకోవాలి. ఈ నోవా దొరికే ముందు నేను చూసిన కార్లలో మూడు పూర్తిగా విప్పేసినవి. బాడీ ఒక మూల, ఇంజను ఒక మూల, మిగతాదంతా పేర్లు రాయని అట్టపెట్టెల్లో. ముగ్గురు యజమానులూ మంచి పనివాళ్లే. అయితే అంతా విప్పాక ఏ సాయంత్రం పనిచేసినా కారు దగ్గరపడినట్టు కనిపించదు. నెలలు గడిచేకొద్దీ గ్యారేజీలోకి వెళ్లాలనే అనిపించదు. డబ్బు తక్కువగా ఉన్నవాడికి అసలు పెట్టుబడి ఆ ఉత్సాహమే. అది అయిపోతే కారు సగం ధరకు అమ్ముడుపోతుంది.

నోవానే ఎందుకు

షెవర్లేవే అయిన కమారో, షెవెల్ ఎస్ఎస్ (ఎస్ఎస్ అంటే సూపర్ స్పోర్ట్, బలమైన ఇంజనున్న రకం) లాంటివాటి ధర నా చేతికి అందదు. నోవాలో అదే స్మాల్ బ్లాక్ (షెవర్లే చిన్న వీ8 కుటుంబం) ఇంజను ఉంటుంది. ముందు భాగాన్ని మోసే సబ్‌ఫ్రేమ్ బాడీకి బోల్టులతో బిగించి ఉంటుంది. 1967–69 కమారోదీ ఇదే పద్ధతి, ముందు సస్పెన్షన్ భాగాలు చాలావరకు రెండింటికీ ఒకటే. అందుకే విడిభాగాలు కొత్తవి సులువుగా దొరుకుతాయి, ధర కూడా మరీ ఎక్కువ ఉండదు.

అమ్మే ఆయన "ఇది ఎస్ఎస్ కారు" అన్నారు. అబద్ధమాడారని నేను అనుకోను, ఆయనకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. 1972 నుంచి షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ (జీఎం) కార్ల గుర్తింపు నంబరు, అంటే విన్ నంబరులో ఐదో అక్షరం ఇంజనేదో చెబుతుంది. ఈ కారుకు అక్కడ 'హెచ్' ఉంది. అంటే రెండు బ్యారెళ్ల (గాలి దారుల) కార్బురేటరు ఉన్న మామూలు 350, ఎస్ఎస్‌లో వచ్చే నాలుగు బ్యారెళ్లది కాదు. ఈ సంగతి బయటపడ్డాక ధర 900 డాలర్లు దిగింది. గ్రిల్ మీద అంటించిన బ్యాడ్జీకి డబ్బివ్వకండి, విన్ ప్లేటు చదవండి. డ్యాష్‌బోర్డు మీది నంబరు, టైటిల్ (యాజమాన్య పత్రం) కాగితం మీది నంబరు ఒకటేనా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. ఒహాయోలో టైటిల్ మీద అమ్మేవారి సంతకాన్ని నోటరీ చేయించాలి, అది జరగకుండా డబ్బు చేతులు మారకూడదు.

ఈ ఇంజను శక్తి కాగితం మీద 165 హార్స్‌పవర్. అంతకుముందు ఏళ్ల అంకెలు చూసినవాళ్లకు ఇది నిరాశగా ఉంటుంది. 1971లో జీఎం ఆక్టేన్ తక్కువున్న పెట్రోలుకు సరిపోయేలా కంప్రెషన్ (సిలిండరులో ఇంధన మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) తగ్గించింది. 1972లో లెక్కించే పద్ధతే మారింది. అంతకుముందు ఇంజనును ఒంటరిగా స్టాండు మీద నడిపి కొలిచేవారు. తర్వాత ఫ్యాను, ఆల్టర్నేటరు, ఎగ్జాస్టు అన్నీ ఉంచి కొలిచారు. అందుకే అంకె పడినంతగా కారు బలం పడలేదు. పైగా 87 ఆక్టేన్ మామూలు పెట్రోలుతో హాయిగా నడుస్తుంది. నా బడ్జెట్‌కు అది వరమే.

కొనే ముందు చూసినవి

ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇక్కడ పాత కారు కొనడమంటే తుప్పు కొనడమే. ఎంత, ఎక్కడ అన్నదే ప్రశ్న. పలుచని గుడ్డలో చుట్టిన అయస్కాంతం, టార్చి, స్క్రూడ్రైవరు పట్టుకుని రెండు గంటలు చూశాను. వెనక చక్రాల వెనక అడుగు భాగంలో అయస్కాంతం అతుక్కోలేదు, అంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. డ్రైవరు కాళ్ల కింద, డిక్కీ అడుగున చిల్లులు. కాని సబ్‌ఫ్రేమ్, అది బాడీకి కలిసే చోట్లు, వెనక పట్టీ స్ప్రింగులు బిగించే చోట్లు గట్టిగా ఉన్నాయి. నేను చూసింది వాటికోసమే. నేల రేకు కొత్తది వేయొచ్చు. బరువు మోసే చోటు కుళ్లితే అది ఇంటి గ్యారేజీ పని కాదు.

ఒక్క చోటు మాత్రం చూడలేదు. దానికి మూల్యం తర్వాత చెల్లించాను.

మొదట బ్రేకులు

ఇంజను మొదలుపెట్టాలని చేతులు ఎంత లాగినా బ్రేకులతోనే మొదలుపెట్టాను. నడిచే కారు ఆగకపోతే అది ప్రమాదం. ఆగే కారు నడవకపోతే ఏ హానీ లేదు.

నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పాత బ్రేకు లైనింగులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి గాలి కొట్టలేదు, బ్రష్‌తో దులపలేదు. మాస్కు పెట్టుకుని తడిపి కడిగాను. స్టీలు పైపులు లోపల తుప్పు పట్టాయి, అన్నీ తీసేసి నికెల్–కాపర్ పైపు వేశాను. అది చేత్తోనే వంగుతుంది, చివర డబుల్ ఫ్లేర్ (రెండు మడతల గరాటు అంచు) సులువుగా పడుతుంది. తెగిన పైపును మధ్యలో కంప్రెషన్ ఫిట్టింగుతో కలిపే అలవాటు కొందరికి ఉంది. బ్రేకు పైపులో అది ఎప్పుడూ చేయకూడదు.

ముందు చక్రాలకు డిస్కు బ్రేకుల కిట్ వేశాను. అంతా బిగించి, బ్రేకు పైపుల్లోని గాలి తీయడానికి మా అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టాను. "నాన్నా, పెడల్ రాయిలా ఉంది" అంది. గాలి లేనందుకు సంతోషపడ్డాను. మరునాడు మా డ్రైవ్‌వేలో నడక వేగంతో కదిలించి పెడల్ తొక్కితే కారు ఆగడానికి రెండు కాళ్ల బలం కావాల్సి వచ్చింది. ప్యాడ్లు మార్చాను. మళ్లీ గాలి తీశాను. వారం పోయింది.

లోపం పెడల్ బలాన్ని బ్రేకు ద్రవం ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండరులో దొరికింది. కిట్‌లో వచ్చింది 1⅛ అంగుళం బోరు (లోపలి వ్యాసం) ఉన్నది, అంటే కాలి బలానికి సాయపడే వాక్యూమ్ బూస్టరు ఉన్న కార్లకు. నాది బూస్టరు లేని కారు. కాలి బలం అంతే ఉన్నప్పుడు పిస్టన్ పెద్దదైతే పైపులో ఒత్తిడి తగ్గుతుంది. ఒక అంగుళం బోరు వేస్తే అదే బలానికి ఒత్తిడి 27 శాతం పెరుగుతుంది, రెండు వ్యాసాల వర్గాల నిష్పత్తి అది. సిలిండరు మార్చాను. పెడల్‌కు ఉన్న రెండు రంధ్రాల్లో, పెడల్‌ను సిలిండరుకు కలిపే పుష్‌రాడ్‌ను పైదానికి మార్చాను, బూస్టరు లేని బ్రేకుకు అదే సరైన చోటు, కాలి బలం ఎక్కువ రెట్లై సిలిండరుకు చేరుతుంది. ఆ సాయంత్రం కారు ఒక్క కాలితో, సూటిగా ఆగింది. పెడల్ గట్టిగా ఉండటం వేరు, బ్రేకు బాగా పట్టడం వేరు అని నాకు అప్పుడు తెలిసింది. మొత్తం 840 డాలర్లు.

ఇంజను

పదకొండేళ్లు తిరగని ఇంజనుకు నేరుగా బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టకూడదు. ప్లగ్గులు తీసి ప్రతి సిలిండరులో కొంచెం ఆయిల్ పోసి నాలుగు రోజులు వదిలేశాను. తర్వాత పొడవాటి పానాతో క్రాంకును చేత్తో తిప్పాను, తిరిగింది. కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు తీసి, ఆ రంధ్రంలోంచి డ్రిల్లుతో ఆయిల్ పంపును తిప్పాను. ఇంజను పైన వాల్వులను తెరిచే రాకర్ల దగ్గరకు ఆయిల్ వచ్చేదాకా ఆపలేదు. స్మాల్ బ్లాక్‌లో ఈ సౌకర్యం ఉన్నందుకు దాన్ని రూపొందించినవాళ్లకు దండం పెట్టాలి.

కంప్రెషన్ కొలిస్తే ఏడు సిలిండర్లలో 135 నుంచి 145 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) మధ్య వచ్చింది. ఏడో నంబరులో 98. అతి తక్కువది అతి ఎక్కువదాంట్లో 75 శాతమైనా ఉండాలంటారు, ఇది 68 శాతమే. ఆ సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచాను. రింగులు అరిగి ఉంటే అంకె పెరగాలి, పెరగలేదు. అంటే లోపం వాల్వులో ఉంది. సిలిండర్ల మీద మూత లాంటి హెడ్డు దించి చూస్తే ఎగ్జాస్టు వాల్వు అంచు కాలిపోయి ఉంది. ఈ ఒక్క పరీక్ష నాకు ఇంజను మొత్తం విప్పే ఖర్చు తప్పించింది. కింది భాగాన్ని ముట్టుకోలేదు. రెండు హెడ్లూ మెషిన్ షాపుకిచ్చి వాల్వులు, సీట్లు గ్రైండ్ చేయించి, స్టెమ్ సీళ్లు మార్పించాను.

ముందు కవరు తీసినప్పుడు టైమింగ్ గేరు కూడా చూశాను. ఆ కాలంలో చప్పుడు తగ్గడానికి క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) గేరు పళ్లను నైలాన్‌తో చేశారు. ఏళ్లు గడిస్తే నైలాన్ పెళుసై విరిగి ఆయిల్ ప్యాన్‌లో పడుతుంది. మాదాంట్లో మూడు పళ్లు లేవు. ప్యాన్ దించి ముక్కలు ఏరి, స్టీలు గేర్లు, కొత్త చైను వేశాను. మీ కారు బాగానే నడుస్తున్నా ఇది తెరిచి చూడండి.

ప్లగ్గుల నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంచే పాత పాయింట్ల బదులు, జంక్‌యార్డు నుంచి తెచ్చిన హెచ్‌ఈఐ (ఎలక్ట్రానిక్) డిస్ట్రిబ్యూటరు పెట్టాను. జీఎం 1975 నుంచి తన కార్లలో దీన్నే వాడింది. చాలామంది దీనికి పాత వైరే కలిపి, మిస్‌ఫైరింగ్ వస్తే డిస్ట్రిబ్యూటరును తప్పుపడతారు. పాత వైరు పాయింట్ల కోసం వోల్టేజీ తగ్గించే రెసిస్టెన్సు వైరు, హెచ్‌ఈఐకి పూర్తి 12 వోల్టులు కావాలి. ఫ్యూజు బాక్సు నుంచి కొత్త లావు వైరు లాగాను. ఆయిల్ విషయంలో ఒక్క జాగ్రత్త. ఈ ఇంజను క్యామ్ ఫ్లాట్ ట్యాపెట్ రకం, అంటే లోహం మీద లోహం రుద్దుకుంటూ నడుస్తుంది, జింకు ఆ అరుగుదలను తగ్గిస్తుంది. ఇప్పటి కార్ల ఆయిల్లో జింకు పాళ్లు తగ్గించారు కాబట్టి జింకు ఎక్కువున్న ఆయిలే పోస్తున్నాను.

ఇంజనుకు 1,150 డాలర్లు అయింది. పెట్రోలు ట్యాంకు కడిగి దాచుకోవాలని చూశాను, లోపల పాత పెట్రోలు వార్నిషులా పేరుకున్న తీరు చూసి కొత్తది వేశాను. మే నెలలో కారు మొదటిసారి మా వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. రేకులకు చిల్లులే, సీటు చిరిగే ఉంది. కాని కారు నడిచింది. ఆ తర్వాత ఏడాదిన్నర పనిలో నన్ను ముందుకు లాగింది ఆ పది నిమిషాలే.

నేల రేకు, నేను చేసిన తప్పు

వెల్డింగ్ నాకు రాదు. 110 వోల్టుల చిన్న మిగ్ (గ్యాసు రక్షణలో తీగను కరిగించే) వెల్డింగ్ మెషిను కొని, నెల రోజులు పాత రేకు ముక్కల మీద సాధన చేశాను. 0.023 అంగుళం తీగ, ఆర్గాన్ 75 శాతం, కార్బన్ డయాక్సైడ్ 25 శాతం కలిసిన గ్యాసు. పలుచని రేకు మీద గీత లాగినట్టు వెల్డింగ్ చేస్తే వేడికి వంకర తిరుగుతుంది. చుక్క పెట్టాలి, జానెడు దూరం జరిగి ఇంకో చుక్క పెట్టాలి, మొదటిది చల్లారాకే దాని పక్కకు రావాలి. ఓపిక ఒక్కటే ఇక్కడ నైపుణ్యం.

నేల మీద గట్టిపడిన తారు పొరను గీకడం నరకం. పొడి మంచు, అదే డ్రై ఐస్, పరిచి పావుగంట ఆగి సుత్తితో తడితే పెంకుల్లా లేచి వచ్చింది. చేతికి మందపాటి తొడుగులు, గ్యారేజీ తలుపు తెరిచి ఉండటం తప్పనిసరి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు తీసేశాను, అగ్నిమాపక సిలిండరు చేతికందే దూరంలో పెట్టాను. పని అయ్యాక గంటసేపు గ్యారేజీ వదల్లేదు. తారు, పాత కార్పెట్ లోపలే రాజుకుంటాయి.

ఆగస్టు చివరికి నేల పూర్తయింది. ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సీలరు, పైన కొత్త కార్పెట్. సెప్టెంబరులో గట్టి వాన కురిసింది. మరునాడు డ్రైవరు కాళ్ల కింద కార్పెట్ పిండితే నీళ్లు కారాయి.

విండ్‌షీల్డు అంచు కారుతోందనుకుని సీలెంటు పెట్టాను. తర్వాతి వానకు మళ్లీ తడిసింది. ఇలా ఊహించడం మానేసి ఒకసారి సరిగా వెతకాలని కూర్చున్నాను. కార్పెట్ లేపి, కాళ్ల పక్కన ఉండే ప్యానెళ్లు తీసి, నేల మీద సుద్దపొడి చల్లాను. హోసు పైపుతో సన్నగా నీళ్లు వదులుతూ కింది నుంచి పైకి ఒక్కో చోటే తడిపాను. తలుపు రబ్బరు దగ్గర పది నిమిషాలు, ఏమీ లేదు. విండ్‌షీల్డు మూల దగ్గర పది నిమిషాలు, ఏమీ లేదు. విండ్‌షీల్డు కింద, బానెట్‌కూ అద్దానికీ మధ్య చీలికలున్న రేకు మీద పోసిన నిమిషానికే సుద్దపొడిలో నీటి చార కనిపించింది.

ఆ భాగాన్ని కౌల్ అంటారు. చీలికల్లోంచి దిగిన వాన నీరు లోపలున్న తొట్టి లాంటి రేకులో పడి పక్కలకు జారిపోవాలి. ఆ తొట్టిలోనే లోపలికి గాలి వచ్చే రంధ్రం, దాని చుట్టూ ఎత్తైన అంచు ఉంటాయి. ఏళ్ల తరబడి ఆకులు పడి మట్టిగా మారి ఆ అంచు చుట్టూ తడిని పట్టి ఉంచాయి. రేకు నెలవంక ఆకారంలో తినేసి ఉంది. అద్దం, చిన్న టార్చి పట్టుకుని కింది నుంచి చూస్తే స్పష్టంగా కనిపించింది. కొనేటప్పుడు నేను చూడని చోటు ఇదే. నేల ఎందుకు కుళ్లిందని అడగకుండా నేలను బాగుచేశాను. కారులో నీళ్లు పై నుంచి కిందికి వస్తాయి, పని కూడా అలాగే పై నుంచి కిందికి జరగాల్సింది.

రెండు దారులున్నాయి. చేయి దూరేంత సందులోంచి ఎపాక్సీ, ఫైబర్‌గ్లాసు గుడ్డతో అతుకు వేయడం ఒకటి, అది రెండు రోజుల పని. పై రేకు తీసి లోపల కొత్త ఇనుము వేయడం రెండోది. మొదటిది చేసినవాళ్లను నేను తప్పుపట్టను, కొన్నేళ్లు ఆగుతుంది. కాని నేను రంగు వేయబోతున్నాను. రంగు వేశాక అది మళ్లీ కారితే తెరవడానికి మనసు రాదు. రెండోదే ఎంచుకున్నాను.

బానెట్, రెండు ముందు ఫెండర్లు తీశాను. కౌల్ పై రేకే విండ్‌షీల్డు కింది అంచు కూడా కాబట్టి అద్దం తీయించాల్సి వచ్చింది. స్పాట్ వెల్డింగ్ చుక్కలు ఒక్కొక్కటి వెతికి కట్టరుతో తొలిచాను. 80 దాకా లెక్కపెట్టి ఆపేశాను. రేకు ఊడి వచ్చాక లోపల రెండు పెద్ద డబ్బాల మట్టి దొరికింది. 18 గేజీ రేకుతో అట్ట నమూనా ప్రకారం ముక్కలు కోసి, అంచు సుత్తితో ఎత్తి, వెల్డింగ్ చేసి, సీలరు వేసి, పై రేకు మూసే ముందు మళ్లీ అరగంట నీళ్లు పోశాను. సుద్దపొడి పొడిగా ఉంది. ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ కారు నాలుగు చక్రాల మీదే ఉంది, ఇంజను దాని చోటే ఉంది. విప్పినవాటి బోల్టులన్నీ పేర్లు రాసిన సంచుల్లో పెట్టాను కాబట్టి బిగించడం మూడు సాయంత్రాల్లో అయిపోయింది.

మిగతా పని, రంగు

రెండో చలికాలంలో ముందు సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్‌లు మార్చాను. ఫైర్‌వాల్ దగ్గరి వైరింగ్ కనెక్టరు విప్పి పచ్చపడిన పిన్నులు శుభ్రం చేస్తే సగం కరెంటు సమస్యలు అక్కడే పోయాయి. వీటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, సరైన భాగం కొని, సరైన టార్క్‌తో బిగిస్తే అయిపోతుంది.

రంగు కోసం ఎండాకాలం దాకా ఆగాను. 15 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ఎపాక్సీ సరిగా గట్టిపడదు, మా గ్యారేజీకి హీటరు లేదు. వెనక చక్రాల వెనక పుట్టీ అంతా తీసి కొత్త రేకు వేశాను. ఆ తర్వాత పెట్టిన పుట్టీ ఎక్కడా 3 మిల్లీమీటర్లు దాటలేదు. మూడు నెలలు పొడవాటి బ్లాకుతో రుద్దాను. ఆ శ్రమకు షాపులో గంటల లెక్కన కట్టాలి, డబ్బు మిగిలేది ఇక్కడే.

స్ప్రే మాత్రం నేను చేయలేదు. హార్డెనరు కలిసే యురేథేన్ రంగులో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు శాశ్వతమైన హాని చేయగలవు, వాటికి బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు కావాలి. ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో, పిల్లలున్న ఇంట్లో, ఆ పని చేయను. రుద్ది సిద్ధం చేసిన కారును ఒక బాడీ షాపుకు నడుపుకుంటూ తీసుకెళ్లాను. ట్రిమ్ ట్యాగులో (ఫ్యాక్టరీ రంగు కోడు ఉండే రేకులో) ఉన్న అసలు నీలమే వేయించాను.

లెక్క

కారు 5,200. బ్రేకులు 840. ఇనుము, సీలరు, గ్యాసు 610. ఇంజను 1,150. ట్యాంకు, పెట్రోలు పైపులు 340. సస్పెన్షన్ 520. వైరింగ్ 190. టైర్లు 560. సీట్లు, కార్పెట్ 780. అద్దం తీసి పెట్టించడం 240. రంగు, సామగ్రి 2,900. మొత్తం 13,330. పనిముట్లు 1,450, అవి ఇంకో కారుకు కూడా పనికొస్తాయి కాబట్టి విడిగా ఉంచాను.

అనుకున్నదానికంటే 1,330 ఎక్కువైంది, అందులో పెద్ద భాగం రంగుదే, 2,000 అనుకున్నాను. కౌల్ పని ఎలాగూ చేయాల్సిందే. అది ముందే చేసి ఉంటే రెండోసారి కొన్న కార్పెట్‌కు పెట్టిన 190 డాలర్లు మిగిలేవి.

పూర్తయ్యాక ఇప్పటికి 2,100 మైళ్లు తిరిగింది. బ్రేకులు సూటిగా పడుతున్నాయి, ఏడో సిలిండరు మిగతావాటితో సమానంగా 140 చూపిస్తోంది, వాన పడిన ప్రతిసారీ కార్పెట్ కింద చేయి పెట్టి చూస్తున్నాను, పొడిగా ఉంది. వెనక అద్దం కుడి మూల, క్రోము పట్టీ కింద, గత నెల రంగులో మినపగింజంత బుడగ కనిపించింది. పట్టీ విప్పి చూడాలి, హోసు, సుద్దపొడి సిద్ధంగా ఉన్నాయి. ఈసారి డిక్కీ అడుగును కాదు, ముందు ఆ అద్దం చుట్టూ ఉన్న కాలువను తెరుస్తాను.